మూడోసారి అడిగినప్పుడు

ఎండిన సముద్రపు నాచు. నల్లగా, ముడుచుకుని, చిటికెడు.

నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది.

మొదట అంచు. తర్వాత మడత. తర్వాత... గిన్నె నిండా పచ్చదనం.

వంటింట్లో ఉప్పు వాసన. సముద్రం లేని ఊళ్లో సముద్రపు వాసన.

ఆ గిన్నె పక్కనే ఫ్రిజ్. ఫ్రిజ్ తలుపుకి, కంగారూ బొమ్మ అయస్కాంతం కింద, ఒక కాగితం. క్లారా చేతిరాత.

సయోకో వెళ్లేలోగా చేయాల్సిన పనులు —

లైబ్రరీ పుస్తకాలు మూడు, తిరిగి ఇవ్వాలి.

అద్దె సైకిలు అప్పగించాలి.

ఎక్స్ఛేంజ్ ఆఫీసులో రెండు సంతకాలు.

చర్చి హాల్లో మిగిలిన బురద కడగాలి.

నాయనమ్మతో ఫోన్లో మాట్లాడించాలి.

టికెట్టు ముందుకు జరిపించాలి.

నా పట్టా రోజుకి అతిథుల పేర్లు ఇవ్వాలి. ఇద్దరు.

మొదటి ఆరింటికి టిక్కులున్నాయి. ఏడోదానికి లేదు.

ఆరోదాని టిక్కు మిగతావాటికన్నా పెద్దది. పెన్ను మొన కాగితాన్ని చీల్చేంత గట్టిగా పెట్టింది. ఆ రోజు క్లారాకి అంత సంతోషం... ఒక మనిషిని ఇంటికి పంపిస్తున్నానని.

క్లారా చదువుకునే టూవూంబా, ఆస్ట్రేలియాలో కొండ మీది ఊరు. సముద్రం అక్కడికి రెండు గంటల కారు దూరం. ఆ ఊరికీ జపాన్‌లో ఒక నగరానికీ అక్కాచెల్లెళ్ల వరస. కాగితాల మీద సంతకాలు పెట్టి కలుపుకున్న వరస. ఏటా అక్కడి పిల్లలు కొందరు ఇక్కడికి, ఇక్కడి పిల్లలు కొందరు అక్కడికి. చదువుకోవడానికి. ఒకరి ఇంట్లో ఒకరు తిని, పడుకుని, ఒకరి పాట ఒకరు నేర్చుకోవడానికి.

క్లారా ఈ సంగతి చెప్తే దివిసీమ నుంచి నాయనమ్మ ఫోన్లో నవ్వింది.

"ఊళ్లకి అక్కాచెల్లెళ్లేంటే? పండక్కి చీరలు పెట్టుకుంటాయా?"

"పిల్లల్ని పంపుకుంటాయి నాయనమ్మా."

"అట్టాగైతే అక్కాచెల్లెళ్లే."

ఆ వరసలోనే వచ్చింది సయోకో. రెండువేల పది సెప్టెంబరులో. ఇరవై ఒక్కేళ్లు. చిన్న పెట్టె, పెద్ద గొడుగు. ఆమెది ఆ అక్క నగరం కాదు. అక్కడ చదువుకుంటోంది, అంతే. సొంతూరు ఇంకా పైకి, ఈశాన్య తీరంలో, చేపలవాళ్ల ఊరు. తండ్రి సముద్రంలో తాళ్లు కట్టి నాచు పెంచుతాడు. తల్లి దాన్ని ఉడకబెట్టి, ఆరబెట్టి, పొట్లాలు కడుతుంది.

క్లారా తండ్రి దివిసీమలో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు.

మొదటి రోజే ఇద్దరికీ అది తెలిసిపోయింది. ఉప్పు గాలిలో పెరిగినవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టేస్తారు.

యూనివర్సిటీ క్లారాని ఆమెకి తోడుగా వేసింది. బడ్డీ అంటారు ఇక్కడ. ఇద్దరూ ఉండేది ప్రేమలీల ఆంటీ ఇంట్లోనే. ఆంటీ బాపట్ల నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. హాస్పిటల్లో నర్సు. వచ్చినవాళ్లకి అన్నం పెట్టకపోతే ఆవిడకి రోజు గడిచినట్టుండదు.

"ఇంకో గరిటె వేసుకో నాన్నా."

సయోకో పళ్లెం మీద చేయి అడ్డం పెట్టేది. తల ఒక పక్కకి వంచేది. పళ్ల మధ్య నుంచి గాలి లోపలికి పీల్చి, "చొత్తో..." అనేది. కొంచెం, అని. ఆ మాట అక్కడే ఆగిపోయేది.

"కొంచెమే వేస్తాలే!"

చిరునవ్వు. చేయి అడ్డమే.

"చిక్కిపోయావు, మీ అమ్మ నన్నంటుంది. పట్టు."

మూడోసారికి చేయి తీసేసేది. తల వంచేది.

"చూశావా క్లారా, వట్టి మొహమాటం. అచ్చం మన పిల్లే!"

అందరూ నవ్వేవాళ్లు. సయోకో కూడా నవ్వేది. మెతుకు వదలకుండా తినేది. ఖాళీ పళ్లెం చూసి ఆంటీ ఇంకో గరిటె వేసేది.

తర్వాత గదిలో పక్కకి తిరిగి, మోకాళ్లు ముడుచుకుని పడుకునేది.

ఎండ పడక అనుకుంది క్లారా.

మొదటి రెండు వద్దులూ మర్యాద. మూడోసారి మనసు. క్లారా అలా పెరిగింది. వాళ్ల ఊళ్లో అందరూ అలాగే పెరుగుతారు. మూడుసార్లు అడగనివాళ్లు అడగనట్టే.

జనవరి పది, సోమవారం మధ్యాహ్నం, కొండ మీది ఊరికి వరద వచ్చింది.

ఎవరైనా నమ్ముతారా... కొండ మీద. గంటలో వీధి నది అయింది. కార్లు ఆటబొమ్మల్లా ఒకదాన్నొకటి గుద్దుకుంటూ పోయాయి. తెలుగువాళ్లు ఆదివారాలు ఆరాధనకి కూడుకునే చర్చి హాల్లో మోకాళ్ల ఎత్తు బురద. నీళ్లు పోయాక గోడ మీద గోధుమరంగు గీత మిగిలింది. సూటిగా. ఎవరో కొలబద్ద పెట్టి గీసినట్టు.

ఇద్దరమ్మాయిలూ బకెట్లు పట్టుకుని వెళ్లారు. వారం కాదు, నెల పట్టింది. ఆ బురద వదలదు. పాటల పుస్తకాల్లో, హార్మోనియం మెట్ల సందుల్లో, గోళ్లలో.

సయోకో ఆ గీత మీద వేలు పెట్టి నిలబడింది ఒకరోజు.

"మా ఊళ్లోనూ ఉంది ఇలాంటిది. కొండ మీద రాయి. మా ముత్తాతల నాడు కెరటం అక్కడి దాకా వచ్చిందట. దీనికి కిందుగా ఇల్లు కట్టుకోవద్దని చెక్కారు."

"మీ ఇల్లు రాయికి పైనా, కిందా?"

సయోకో నవ్వింది.

"కింద. నాచు మోసుకుంటూ కొండెక్కలేం అంటాడు నాన్న."

క్లారా కూడా నవ్వింది. వాళ్ల ఊళ్లోనూ ఎవరూ కొండెక్కలేదు. ఎక్కడానికి కొండ లేదు.

నాయనమ్మ పేరు సుగుణమ్మ. డెబ్బై ఏడు నవంబరు ఉప్పెనలో బతికింది.

చూసిపోదామని చెల్లెలొచ్చింది ఆ వారం. కరుణమ్మ. పొద్దున్న బస్సుకి పోతానంది. నాయనమ్మ చేయి పట్టుకుంది. ఈ పూటకుండవే. వద్దక్కా, పిల్లలు చూస్తుంటారు. ఉండవే, పులుసుకి మట్టగిడసలు తెప్పించా. వద్దక్కా. నా మాట కాదంటావా?

మూడోసారికి ఉండిపోయింది.

ఆ సాయంత్రం సముద్రం ఊళ్లోకొచ్చింది. నాయనమ్మ ఒక చేత్తో తాటిచెట్టుని, ఒక చేత్తో చెల్లెల్ని పట్టుకుంది. చెట్టు మిగిలింది.

ఆ తర్వాత నాయనమ్మ ఎవరినీ ఉండమనలేదు. కూతుళ్లనీ అనలేదు. వచ్చినవాళ్లు ఇంకా చెప్పులు విప్పుతుండగానే, "మళ్లీ బస్సెన్నింటికి?" అని అడిగేది. ఊళ్లో నవ్వేవాళ్లు. సుగుణమ్మ ఇంటికి చుట్టంగా పోతే గుమ్మంలోనే టికెట్టు కొట్టిస్తుందని.

క్లారాకి నాయనమ్మ నేర్పింది ఒక్కటే.

పోతానన్నవాళ్లని ఆపకు. ఇంటికి పోవాల్సినవాళ్లని ఒక రోజు ముందే పంపించు.

ఇంట్లో మొదటి డిగ్రీ క్లారాది. చెప్పిన మాట వినే పిల్ల. వింది.

ఫిబ్రవరి చివరివారం. సయోకో టికెట్టు మార్చి ఇరవైకి ఉంది. కోర్సు అయిపోయింది. హాలు కడగడం అయిపోయింది, గీత తప్ప. అక్కడ తల్లిదండ్రులకి నాచు కోతల కాలం. ఈ అమ్మాయి మాత్రం ఇక్కడే తిరుగుతోంది, గోడ తోముతూ.

మన పనికి మొహమాటపడి ఆగిపోయింది, అనుకుంది క్లారా.

గిన్నెలో నాచు విచ్చుకుంటోంది. ఇద్దరూ సింకు దగ్గర నిలబడ్డారు.

"ఇరవై దాకా ఎందుకు? ముందే వెళ్లు. మీ అమ్మ ఎదురుచూస్తుంటుంది."

"ఇరవై అయితే... బాగుంటుందేమో..." తల పక్కకి వంగింది. పళ్ల మధ్య గాలి. "చొత్తో..."

ఒకటి.

"హాలు సంగతి పట్టించుకోకు. ఆ గీత నేను తోముతా. నాకోసం ఆగొద్దు."

సయోకో తలెత్తింది. ఫ్రిజ్ వైపు చూసింది. కాగితం వైపు. కాగితం అడుగున ఉన్న వరస వైపు. చాలాసేపు చూసింది. ఆ కాసిని తెలుగు అక్షరాలు ఆమెకి క్లారానే నేర్పింది... చిరునవ్వు.

రెండు.

క్లారా తడిచేతులతో ఆమె తడిచేతులు పట్టుకుంది.

"నిజంగా చెప్తున్నా. వెళ్లు. మీ ఇంటికి వెళ్లు సయోకో."

నీళ్లు కారుతున్న చప్పుడు.

తల వంచింది. "హై." సరే, అని. "థాంక్యూ, క్లారా-సాన్."

మూడు.

ఒక్క ఫోన్ కాల్. టికెట్టు మార్చి ఎనిమిదికి జరిగింది. పెద్ద టిక్కు పెట్టింది క్లారా.

ఎయిర్‌పోర్టులో సయోకో ఒక పొట్లం ఇచ్చింది. వాళ్లమ్మ కట్టిన పొట్లం.

"ఇది అయిపోయేలోగా మా ఊరు రా."

వెనక్కి తిరిగి మూడుసార్లు తల వంచింది. ప్రతిసారీ క్లారా చేయి ఊపింది.

పదో తారీఖు మెయిల్ వచ్చింది. యూనివర్సిటీలో కాగితాలు ఇచ్చేశాను. రేపు పొద్దున్న రైలు. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాను. ఆంటీ నేర్పిన చారు అమ్మకి పెడతాను.

పదకొండు. శుక్రవారం.

సాయంత్రం ఐదు కావస్తోంది. ఆంటీ డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పుతూ టీవీ పెట్టింది.

జపాన్ తీరం, పై నుంచి తీస్తున్నారు. పొలాలు. పొలాల మీద నల్లటి అంచు ఒకటి నడుస్తోంది. నీళ్లలా లేదు. నేలే లేచి నడుస్తున్నట్టుంది. దాని మీద ఇళ్లు, పడవలు, మంటలు. ఒక దారి. దారి మీద ఒక తెల్ల కారు, వెనక్కి తిరగాలని చూస్తోంది...

క్లారా ఆ బొమ్మలో కొండ కోసం వెతికింది. కొండ మీద రాయి కోసం.

ఫోన్ చేసింది. మోగలేదు. మళ్లీ చేసింది. మోగలేదు. మళ్లీ.

"వాళ్ల ఊరు అటేనా?" అంది ఆంటీ.

"అటే."

"ఆ పిల్ల ఇంకా చేరుండదులే. రైలు లేటయ్యుంటది. జపాన్ రైళ్లూ ఒక్కోసారి..." అని ఆగిపోయింది. జపాన్ రైళ్లు లేటవవని సయోకోనే ఎన్నోసార్లు చెప్పింది ఆ ఇంట్లో. టూవూంబా బస్సుల్ని వెక్కిరిస్తూ.

ఒక బూటు కాలికి అలాగే ఉంది. ఆంటీ ఏడవడం మొదలుపెట్టింది.

"నీకు చెప్పొద్దంది నన్ను."

"ఏంటాంటీ?"

"నీ పట్టా రోజుకి చీర కట్టుకుంటానంది. నా నీలం చీర అడిగింది. జాకెట్టు కుట్టించానే. అలమారులో ఉంది. క్లారా వాళ్లింట్లో మొదటి పట్టా కదా ఆంటీ, ఇక్కడెవరూ లేరు కదా, ఒక కుర్చీలో మీరు, ఒక కుర్చీలో నేను... అంది. అందుకేనే ఇరవై దాకా టికెట్టు."

గిన్నెలో నీళ్లు. పచ్చగా. కదలకుండా.

"నేను టికెట్టు మారుస్తుంటే చెప్పలేదేంటి ఆంటీ?"

"నాకు తెలిసేటప్పటికి పెట్టె సర్దేసుకుందమ్మా. అడిగాను. ఏమే, నీలం చీర కట్టుకోవా అని. నవ్వింది." ఆంటీ ముక్కు తుడుచుకుంది. "క్లారాకి ఇలాగే ఇష్టం, అంది."

ఇలాగే ఇష్టం.

యూనివర్సిటీ ఎక్స్ఛేంజ్ ఆఫీసులో జపాన్ మేడం ఒకావిడ ఉంది. సోమవారం పొద్దున్న తలుపు తీయకముందే క్లారా వెళ్లి మెట్ల మీద కూర్చుంది. అక్క నగరానికి ఏమీ కాలేదట. అక్కడందరూ క్షేమం. పదకొండు పొద్దున్న సయోకో రైలెక్కిందన్నది మాత్రం నిజం. ఆ తర్వాత తెలియదు.

లేచి వెళ్లబోతూ ఆగింది క్లారా.

"మేడం... చొత్తో అని తల పక్కకి వంచితే... ఏంటి అర్థం?"

"వద్దని."

"మొహమాటానికా?"

"కాదమ్మా. వద్దనే. మేం అంతకన్నా గట్టిగా అనం."

"మరి మూడోసారి అడిగితే సరే అంటే?"

మేడం ఆమె ముఖంలోకి చూసింది.

జవాబు అక్కర్లేదు. తల వంచి ఖాళీ చేసిన పళ్లేలన్నీ క్లారా కళ్ల ముందున్నాయి.

అక్కడ మొదటి మాటే మనసు. మూడోది మర్యాద.

తప్పిపోయినవాళ్ల పేర్ల పట్టికలు ఇంటర్నెట్‌లో పెట్టారు. జపాన్ అక్షరాల్లో. సయోకో ఇంటిపేరు మూడు అక్షరాలు. ఒనోదెరా. మొదటిది చిన్నది, చినుకులాంటి రెండు గీతల మధ్య నిలువు గీత. క్లారా వాటిని చూసి చూసి బొమ్మల్లా నేర్చుకుంది. పట్టికలో ఆ బొమ్మ కనబడగానే వేలు ఆగేది. ఆ తీరంలో ఆ ఇంటిపేరు బోలెడుమందికి. పక్కన వయసు. డెబ్బై ఒకటి. నలభై నాలుగు. తొమ్మిది.

ఇరవై ఒకటి లేదు.

శిబిరాల పట్టికలో లేదు. దొరికినవాళ్ల పట్టికలో లేదు. పోయినవాళ్ల పట్టికలో లేదు.

లేదు అన్నది మంచి మాటో చెడ్డ మాటో తెలియకుండా... మూడు రోజులు, నాలుగు రోజులు.

చర్చి హాలుకి వెళ్లి గోడ తోమింది. పీచు అరిగిపోయేదాకా. వేళ్లు పగిలేదాకా. గీత పలచబడింది. పోలేదు.

నాయనమ్మకి ఫోన్ చేసింది.

"నువ్వు ఆపొద్దన్నావు. నేను ఆపలేదు నాయనమ్మా."

అవతల కోడి అరుపు. ఎవరో బిందె దించిన చప్పుడు.

"ఉంటానంది నాయనమ్మా. నాకోసం ఉంటానంది. నాకు అర్థం కాలేదు. మూడుసార్లు అడిగి మరీ పంపించా."

"నేను మూడుసార్లు అడిగి ఉంచా."

అంది నాయనమ్మ.

"మన చేతుల్లో ఏముంది అని నేననను. ముప్పై మూడేళ్ల నుంచి నాతో అందరూ అదే అన్నారు. ఒక్క ముద్ద దిగలేదు ఆ మాటతో."

"మరేం చేశావు?"

"పేరు చెప్పుకున్నా. రోజూ ప్రార్థనలో. నా ఒక్కదాని వల్ల కాక పక్కింటోళ్లతో చెప్పించా. కొత్త కోడలొస్తే కోడలితో చెప్పించా. కరుణమ్మని వాళ్లెవరూ ఎరగరు. అయినా అంటారు. పదిమంది పలికితే పేరు కాస్త మోయొచ్చే." ఆగింది. "ఆ అమ్మి నాతో ఫోన్లో వందనాలండీ అంది. ఎంత చక్కగా అంది... పేరేంటన్నావు? నెమ్మదిగా చెప్పు."

"సయోకో."

"సయోకో," అంది నాయనమ్మ, దివిసీమలో.

మార్చి పద్దెనిమిది. పట్టా రోజు.

అతిథుల పేర్లు ఇచ్చింది క్లారా. ఇద్దరివీ. ఆఫీసులో అమ్మాయి రెండో పేరు చదివి, తలెత్తి చూసి, టైపు చేసింది.

కాగితం మీద టిక్కు పెట్టలేదు. టిక్కంటే పని అయిపోయిందని.

నల్ల గౌను, చదరపు టోపీ. వరసలో నిలబడి వెనక్కి తిరిగి చూసింది. ఆంటీ కనబడింది. పక్కన ఖాళీ కుర్చీ. ఆంటీ తన చేతిసంచి కూడా దాని మీద పెట్టలేదు. ఒళ్లోనే పెట్టుకుంది. సంచిలోంచి నీలం గుడ్డ అంచు.

ఆలస్యంగా వచ్చిన ముసలాయన ఒకాయన వంగి ఏదో అడిగాడు. కుర్చీ చూపించాడు.

"ఉన్నారండీ," అని తెలుగులోనే అనేసింది ఆంటీ. తర్వాత, "సారీ లవ్, సమ్‌వన్స్ సిటింగ్ హియర్."

ఆయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు. ఆవిడ ముఖం వైపు చూశాడు. టోపీ తీసి, నడవాలో నిలబడ్డాడు. చివరిదాకా నిలబడే ఉన్నాడు.

క్లారా పేరు పిలిచారు. చప్పట్లు. పట్టా చేతికొచ్చింది. దివిసీమలో ఒక ఇంట్లో మొదటి పట్టా. దాని కోసం పడవ ఇంజన్ల నూనెలో ఒక జీవితం గడిచింది. నవ్వాలి. నవ్వింది.

వేదిక దిగుతూ ఆ కుర్చీ వైపు తిరిగి తల వంచింది.

ఒకసారి. రెండుసార్లు.

మూడోసారి వంచలేకపోయింది.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ఏ పట్టికలోనూ ఆ వయసు కనబడలేదు. ఏ మెయిలూ రాలేదు. ఆ రైలు ఊరికి ముందు ఆగిందో, ఊరు చేరిందో... అది చెప్పగలిగినవాళ్లు కూడా కెరటంలో పోయిన ఆ ఊరివాళ్లే. క్లారా ఎవరినైనా ఏదైనా ఒక్కసారే అడుగుతుంది ఇప్పుడు. అడిగి, తల ఎటు వంగుతుందో చూస్తుంది.

ఇది చదివినవాళ్లు ఒక్క పని చేయండి. మీరామెను ఎరగరు. అయినా సరే. భోజనాల దగ్గర ఎవరైనా పళ్లేనికి చేయి అడ్డం పెట్టినప్పుడు ఆమెను తలుచుకోండి. ఒక్కసారి పైకి అనండి.

ఒనోదెరా సయోకో. ఇరవై ఒక్కేళ్లు. నీలం చీర కట్టుకుందామనుకుంది.

పొట్లం అడుగున ఇంకా ఉంది. నల్లగా, ముడుచుకుని, చిటికెడు.

నీళ్లలో వేస్తే విచ్చుకుంటుంది.

క్లారా గిన్నెలో నీళ్లు పోస్తుంది. పక్కన పెడుతుంది. చూస్తుంది.

వేయదు...

ఇది అయిపోయేలోగా రమ్మంది కదా.